గోడ మీదున్నవాళ్లంతా పిల్లులేనా?

నేను అనువాదాలు చేసుకుని బతికే మనిషిని. ఎక్కువగా డాక్యుమెంటరీలకు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను. ఈ పనిలో పెద్ద పెద్ద మాటలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. వాటికి నిఘంటువులుంటాయి, లేదంటే అడగడానికి తెలిసినవాళ్లుంటారు. ముంచేవన్నీ చిన్న మాటలే. "ఓస్, ఇది మనకు తెలిసిందేగా" అని చూసుకోకుండా రాసేస్తాం చూడండి, అవీ.

ఒక డాక్యుమెంటరీలో ఒక తల్లి ఉంది. ఏడేళ్ల కొడుక్కి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. చేయిస్తే ఒక ప్రమాదం, చేయించకపోతే ఇంకో ప్రమాదం. డాక్టరు రెండూ విడమరిచి చెప్పి, సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె ముందు ఉంచి వెళ్లాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితం అంచును వేలితో మడుస్తూ, మళ్లీ విప్పుతూ కూర్చుంది. తర్వాత ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు, "ఐ యామ్ స్టిల్ ఆన్ ద ఫెన్స్" అంది. మాటకు మాట అయితే, నేనింకా కంచె మీదే ఉన్నానని.

నేను తడుముకోకుండా రాశాను: "నేనింకా గోడ మీద పిల్లిలానే ఉన్నాను."

మర్నాడు, నా రాతలు సరిచూసే పెద్దావిడ ఫోన్ చేశారు. ఆవిడ తప్పు దొరికితే తప్పు అనరు, ప్రశ్న అడుగుతారు. "ఏమండీ, ఆ తల్లి ఎటు లాభముంటే అటు దూకుదామని చూస్తోందంటారా?" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. కొడుకు ప్రాణం గురించి ఎటూ తేల్చుకోలేక కుమిలిపోతున్న మనిషిని నేను ఒక్క వాక్యంతో అవకాశవాదిని చేసేశాను. పైగా తెలుగు నుడికారం భలే కుదిరిందని ముందురోజు నాలో నేనే మురిసిపోయాను కూడా.

నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఈ తప్పు నాకొక్కడికే పుట్టింది కాదు. "సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్" అంటే ఏంటని ఎవర్నడిగినా వెంటనే వచ్చే జవాబు "గోడ మీద పిల్లి" అనే. బడిలో మాస్టర్లు అదే చెబుతారు, ఇంగ్లీషు నేర్పేవాళ్లూ అదే చెబుతారు. రెండిట్లోనూ ఒక గోడలాంటిది ఉంది, దాని మీద ఒక ప్రాణి ఉంది, కింద రెండు వైపులున్నాయి. బొమ్మ సరిపోయింది కదా అని అర్థం కూడా సరిపోయిందనుకున్నాం.

పిల్లిని ఒకసారి గుర్తు చేసుకోండి. గోడ మీద పిల్లికి ఏ టెన్షనూ ఉండదు. తోక ఒక పక్కకి వేలాడేసి, సగం కళ్లు మూసుకుని, చెవులు మాత్రం అటోసారి ఇటోసారి తిప్పుతూ పడుకుంటుంది. ఎటు దూకాలో దానికి తెలియక కాదు, ఇంకా అవసరం రాక. చప్పుడు ఎటు నుంచి వస్తే అటు దూకుతుంది, దూకిన తర్వాత రెండో పక్క ఉందన్న సంగతే మర్చిపోతుంది. అందుకే ఆ మాటకు "వాటం" అని తోక తగిలించి "గోడ మీద పిల్లి వాటం" అంటాం. వాటమంటే అనుకూలం చూసుకోవడం. మాటలోనే తిట్టు ఉంది. ఎవరూ తన గురించి తాను "ఈ విషయంలో నేను గోడ మీద పిల్లిని" అని మామూలుగా చెప్పుకోరు.

ఇంగ్లీషు వాళ్లు మాత్రం కంచె గురించి రోజూ చెప్పుకుంటారు. ఉద్యోగం మారాలా వద్దా, ఫలానా ఫోన్ కొనాలా వద్దా, పిల్లల్ని కనాలా వద్దా, అన్నిటికీ "ఆన్ ద ఫెన్స్" వాడేస్తారు. దాని వెనకాల ఎబౌట్ చేర్చి విషయం చెప్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంకా తేల్చుకోలేదు, అంతే.

అదే మాటకి ముందు "సిట్" చేరిస్తే రంగు మారిపోతుంది. "కంచె మీద ఉన్నాను" అనేది స్థితి. "కంచె మీద కూర్చున్నాడు" అనేది ఫిర్యాదు. కూర్చోవడమంటే కుదురుకోవడం కదా, దిగే ఉద్దేశం లేదని చెప్పడం. కాబట్టి ఇంగ్లీషు వాళ్లు తమ గురించి చెప్పుకునేటప్పుడు ఎక్కువగా ఉత్తి "ఆన్" వాడుకుంటారు, ఎదుటివాడి మీద పడేటప్పుడు "సిట్టింగ్" బయటికి తీస్తారు. రాజకీయ నాయకుణ్ని, పత్రిక సంపాదకుణ్ని, పక్క దేశాన్ని అనేది ఈ రెండో రకం. "గెట్ ఆఫ్ ద ఫెన్స్" అని ఆజ్ఞ ఇచ్చేది కూడా వీళ్లకే. ఇది వ్యాకరణ సూత్రమేం కాదు, వినగా వినగా నాకు తట్టింది. కానీ ఈ తేడా పట్టుకుంటే అనువాదంలో సగం గొడవ పోతుంది. కూర్చున్నవాడు అవకాశం కోసం కాచుకున్నాడని సందర్భం చెబితే పిల్లిని పిలవొచ్చు. మిగతా చోట్ల పిల్లిని దాని మానాన వదిలెయ్యాలి.

అసలు మనకు కంచె ఎందుకు కుదరలేదో కూడా చూడాలి. తెలుగులో కంచె అనగానే కళ్ల ముందుకొచ్చేది ముళ్లకంచె. అది చేను కాయడానికే గానీ కూర్చోడానికి పనికిరాదు. మన సామెతలో కంచె చేను మేస్తుంది, దాని మీద ఎవరూ కూర్చోరు. ఈ ఇంగ్లీషు మాట 19వ శతాబ్దం మొదటి సగంలో అమెరికా రాజకీయాల్లో బాగా వాడుకలోకొచ్చింది. అక్కడి పొలాలకు అప్పట్లో దుంగలు చీల్చిన పొడవాటి కర్రల్ని అడ్డంగా పేర్చి కంచె వేసేవాళ్లు. అబ్రహాం లింకన్‌ని 1860 ఎన్నికల్లో జనానికి పరిచయం చేసిన బిరుదే "కంచె కర్రలు చీల్చినవాడు" అని. అలాంటి కంచె పైకర్ర మీద మనిషి హాయిగా ఎక్కి కూర్చోవచ్చు, కాళ్లు ఏ పక్కకైనా వేసుకోవచ్చు. అక్కడి రైతు రోజూ చూసే దృశ్యం అది. మనకు ఆ దృశ్యం లేదు. గోడ ఉంది, పిల్లి ఉంది.

ఆ అమెరికాలోనే 1884లో ఒక తమాషా జరిగింది. అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీ జేమ్స్ బ్లెయిన్‌ని నిలబెట్టింది. ఆయన మీద అవినీతి ఆరోపణలున్నాయి. కొందరు రిపబ్లికన్లకు ఒళ్లు మండి, అవతలి పార్టీ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కి మద్దతిచ్చారు. సొంత పార్టీ వాళ్లూ పత్రికలూ వీళ్లకు "మగ్వంప్" అని పేరు పెట్టి వెక్కిరించారు. అది అక్కడి ఆదివాసుల అల్గాంక్వియన్ భాషల మాట, అర్థం పెద్ద నాయకుడు. అంటే "వచ్చారండీ పెద్దమనుషులు" అని దెప్పడం. క్లీవ్‌లాండ్ గెలిచాడు. న్యూయార్క్ రాష్ట్రంలో వెయ్యి పైచిలుకు ఓట్ల తేడా ఆ ఎన్నికను తేల్చేసింది.

తర్వాతి కాలంలో ఈ మాట మీద ఒక జోకు పుట్టింది: మగ్వంప్ అంటే కంచెకి ఒక పక్క మగ్గూ, రెండో పక్క వంపూ పెట్టుకుని కూర్చునే పక్షి. ఇంగ్లీషులో మగ్ అంటే మొహం. వంప్ అంటే ఏంటో మీరే ఊహించుకోండి. జోకు బాగుంది, అందుకే నిలిచిపోయింది. కానీ అన్యాయం చూడండి. ఆ మగ్వంపులు కంచె మీద కూర్చోనే లేదు. అందరికీ కనబడేలా, పార్టీలో ఉన్న పరువు పోగొట్టుకుని మరీ, కంచె దిగి అవతలి పక్కకి నడిచి వెళ్లారు. వెళ్లినవాళ్లకే కంచె మీద కూర్చున్నవాళ్లన్న ముద్ర పడింది. ఈ నింద వేసేవాళ్లలో చాలామందికి అవతలివాడు తేల్చుకోకపోవడం బాధ కాదు, తమ పక్కకి రాకపోవడం బాధ. ఇది నేను చాలాసార్లు చూశాను.

కంచె గురించిన జోకుల్లో నాకు బాగా నచ్చినది సైమన్ మీద పేలింది. సైమన్ అంటే మన సైమనే. 1928లో "సైమన్ గో బ్యాక్" అని తరిమిన సర్ జాన్ సైమన్. టంగుటూరి ప్రకాశం తుపాకీకి రొమ్ము చూపించింది ఆయన కమిషన్ వచ్చినప్పుడే. ఆయన ఏ విషయమూ తేల్చి చెప్పడని ఇంగ్లండులో పేరు. ఒకప్పటి ప్రధాని లాయిడ్ జార్జ్ ఆయన గురించి, "ఎంతకాలంగా కంచె మీద కూర్చున్నాడంటే, ఆ ఇనుము ఆత్మలోకి దిగిపోయింది" అన్నాడని చెబుతారు. ఇనుము ఆత్మలోకి దిగడమనేది వాళ్ల ప్రార్థన పుస్తకంలో బందీ పడ్డ వేదనకు వాడిన మాట. దాన్ని తీసుకొచ్చి మొనదేలిన ఇనప కంచె మీద ఆయన్ని కూర్చోబెట్టాడు. మన పిల్లి ఎంతకాలం కూర్చున్నా దానికేమీ గుచ్చుకోదు. మనిషికి గుచ్చుకుంటుంది. ఇంగ్లీషు మాటలో ఆ నొప్పికి చోటుంది, మన మాటలో లేదు.

కూర్చునే చోటుతో మనిషిని కొట్టడం ఇంకా పాతది. క్రీస్తు పూర్వం 46లో జూలియస్ సీజర్, లాబేరియస్ అనే అరవయ్యేళ్ల గౌరవనీయుణ్ని నాటకంలో వేషం వెయ్యమని బలవంతపెట్టాడు. అప్పటి రోమ్‌లో వేషం వేస్తే హోదా పోతుంది. వేయించి, ఆ తర్వాత సీజరే హోదా తిరిగి ఇచ్చాడు. లాబేరియస్ నాటకశాలలో తన వర్గం వాళ్లు కూర్చునే వరసల్లోకి వెళ్తే ఎవరూ జరిగి చోటివ్వలేదు. అప్పుడు రోమన్ నాయకుడూ పేరున్న వక్తా అయిన సిసెరో, "ఇరుగ్గా కూర్చున్నాం గానీ, లేకపోతే నా పక్కన చోటిచ్చేవాణ్ని" అని చురక వేశాడు. అందులో లాబేరియస్‌కి ఒకటి, సెనేట్ నిండా తన మనుషుల్ని కుక్కుతున్న సీజర్‌కి ఒకటి. లాబేరియస్ ఊరుకోలేదు. "నీకు ఇరుకేమిటి, నువ్వు ఎప్పుడూ రెండు కుర్చీల మీద కూర్చునేవాడివిగా" అన్నాడు. సీజర్‌కీ, ఆయన ప్రత్యర్థి పాంపేకీ ఇద్దరికీ మంచిగా ఉండాలని సిసెరో పడ్డ పాట్లు రోమ్‌లో అందరికీ తెలుసు. రెండు కుర్చీల మీద కూర్చోవడమనే మాట రష్యన్‌లో ఇప్పటికీ నుడికారంగా నడుస్తోంది. మనం రెండు పడవల మీద కాళ్లు పెట్టిస్తాం. అదింకా ప్రమాదం.

ఇక మన ఇంటి సంగతి. ఫోన్ వచ్చిన రోజు రాత్రి, ఈ తల్లికి తెలుగులో సరైన మాట ఏదని వెతుకుతూ కూర్చున్నాను. కూర్చున్న మాటే దొరికింది: ఉదాసీనుడు. దాన్ని విడగొట్టి చూడాలని నాకు అంతకుముందు ఎప్పుడూ తోచలేదు. ఉత్, ఆసీన. ఆసీనుడంటే కూర్చున్నవాడు. ఉదాసీనుడంటే ఎడంగా, పక్కకి జరిగి కూర్చున్నవాడు. ఇంగ్లీషు వాడి కంచె మీద కూర్చోవడానికి మన దగ్గర వేల ఏళ్ల నాటి చుట్టం ఉందన్నమాట. తటస్థుడేమో కూర్చోడు, నిలబడతాడు. తటమంటే ఒడ్డు. ఏరు పారుతుంటే దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు. మధ్యస్థుడు సరిగ్గా మధ్యలో నిలబడతాడు.

ఈ మూడూ ఒకటే అనుకుంటాం గానీ పాతవాళ్లు అలా అనుకోలేదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ఒకే శ్లోకంలో ఉదాసీనుణ్నీ మధ్యస్థుణ్నీ పక్కపక్కన పెట్టారు. ఇద్దరూ ఒకటైతే రెండుసార్లు చెప్పాల్సిన పనేముంది? శంకరాచార్యుల భాష్యంలో దీనికి జవాబుంది. ఎవరి పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు. తగువులాడుకునే ఇద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉదాసీనుడంటే చేతకాక పక్కన కూర్చున్నవాడు కాదు, తక్కిన రాజులందరికంటే బలవంతుడు, గొడవకు దూరంగా ఉన్న రాజు. అలాంటి మాటని మనం ఏం చేశామంటే, ఫైలు కదపని అధికారికి తగిలించాం. ఇప్పుడు "అధికారుల ఉదాసీన వైఖరి" అంటే బద్ధకం, పట్టనితనం. మాటలు కూడా పక్కకి జరిగి కూర్చుంటాయి మరి. నా సబ్‌టైటిల్‌కి అదీ పనికిరాలేదు. ఆ తల్లికి పట్టకపోవడం అనేదే లేదు, పట్టడం ఎక్కువై నలిగిపోతోంది.

మహాభారతంలో ఒక చిన్న సంగతి ఉంది, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అంతమంది రాజులు చెరో పక్కా చేరి కొట్టుకున్న యుద్ధానికి బయట ఉండిపోయినవాళ్లని ఇద్దరి పేర్లే అందులో చెబుతారు. ఒకడు బలరాముడు, రెండోవాడు రుక్మిణి అన్న రుక్మి. రుక్మి సేనని వెంటబెట్టుకుని ముందు పాండవుల దగ్గరికి వచ్చాడు. "అర్జునా, భయంగా ఉంటే చెప్పు, నేనున్నాను" అన్నాడు. అర్జునుడు నవ్వి, నాకేం భయం లేదు, నీ ఇష్టం అన్నాడు. అదే సేనతో రుక్మి నేరుగా దుర్యోధనుడి గడప తొక్కాడు, అక్కడా అదే మాట. అక్కడా వద్దన్నారు. బలరాముడికి ఇద్దరూ కావాల్సినవాళ్లే, భీముడూ దుర్యోధనుడూ ఇద్దరూ తన దగ్గర గద నేర్చుకున్నవాళ్లే. ఈ నాశనం చూడలేనని చెప్పి తీర్థయాత్రలకు వెళ్లిపోయాడు. దూరం నుంచి లెక్కేస్తే ఇద్దరి ఖాతాలోనూ ఒకటే: యుద్ధం చెయ్యలేదు. గోడ మీద పిల్లి అనే మాట రుక్మికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. బలరాముడికి తొడిగితే చినిగిపోతుంది.

బలరాముడు చేసింది ఒప్పని నేననడం లేదు. ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారని తెలుసు: అన్యాయం జరుగుతుంటే పక్కకి తప్పుకోవడం కూడా అన్యాయానికి సాయమే కదా? ఏనుగు ఎలుక తోక మీద కాలు వేసి ఉంటే, నేను తటస్థంగా ఉన్నానంటే ఎలుక ఒప్పుకోదు అన్న దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ మాట నాకూ ఇష్టమే. గ్రీకుల కాలంలో దీనికి చట్టమే ఉండేది. ఏథెన్స్‌లో రెండు వర్గాలు అంతర్యుద్ధానికి దిగితే, ఏ పక్కా చేరని పౌరుడికి పౌరహక్కులు తీసెయ్యాలని సోలన్ శాసనం చేశాడని చెబుతారు. అయితే ఆ చట్టం ఊరు రెండుగా చీలి కత్తులు తీసిన రోజుకి. టూటూ మాట తోక మీద కాలు పడ్డ రోజుకి. ఇప్పుడు మనం ప్రతి పొద్దున్నా, ఫోన్ తెరవగానే కనబడిన ప్రతి తగువుకీ సోలన్ చట్టం అమలు చేస్తున్నాం. ఎవరో ఇద్దరు సినిమావాళ్లు విడిపోయారు, నువ్వెటు? నిన్న రాత్రి పడ్డ వీడియోలో తప్పెవరిది, ఇంకా చెప్పలేదేం? గంటలోపు చెప్పకపోతే పిల్లివే. ముందూ వెనకా ఏం జరిగిందో తెలియని విషయంలో "నాకింకా తెలియదు" అనడం కన్నా నిజమైన జవాబు ఏముంటుంది?

ఇంత చెప్పి నన్ను నేను బలరాముడి పక్కన నిలబెట్టుకుంటే బాగోదు. నేను ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఒక మీటింగ్ జరిగింది. ఇద్దరు సీనియర్లు, రెండు ప్లాన్లు, ఏది మంచిదో ఒక్కొక్కరూ చెప్పాలి. ఏది మంచిదో నాకు ముందురోజే తెలుసు, అందులో సందేహమే లేదు. ఎవరు గెలుస్తారో మాత్రం తెలియదు. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో ఒకరిని సమర్థిస్తూ మొదటి వాక్యం, కుడి పేజీలో రెండోవారిని సమర్థిస్తూ మొదటి వాక్యం రాసి పెట్టుకున్నాను. నా వంతు వచ్చేవరకూ బాస్ మొహమే చూస్తున్నాను. చివరికి "రెండిట్లోనూ మంచి విషయాలున్నాయి సార్" అన్నాను. బయటికొచ్చాక, పక్క కుర్చీలో కూర్చున్న తోటి ఉద్యోగి, "నీ నోట్‌బుక్ చూశాన్లే, పిల్లీ" అన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో అతను నన్ను ఆ పేరుతోనే పిలిచాడు. ఆ అనువాదంలో తప్పేమీ లేదు.

ఇంకోసారి ఇద్దరు స్నేహితులు, భార్యాభర్తలు, విడిపోయారు. ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి ఒకటే అడిగారు, నువ్వెవరి వైపని. నాకు నిజంగా తెలియలేదు. ఆమె చెప్పింది వింటే ఆమెది సబబు, అతను చెప్పింది వింటే అతనిది. ఆ మాటే ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు. ఆమె ఇప్పటికీ మాట్లాడదు. ఇద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడని శంకరులు అన్నారు గానీ, ఆ పదవికి ఇద్దరి చేతా తిట్లు తినే బాధ్యత కూడా ఉందని రాయలేదు. అందులో స్నేహితుల్లో ఎవర్నీ పోగొట్టుకోకూడదన్న నా స్వార్థం ఎంత, నిజంగా తెలియకపోవడం ఎంత అని ఇప్పటికీ లెక్క తేలలేదు. పిల్లి వాటా కొంచెం ఉండే ఉంటుంది.

సబ్‌టైటిల్‌కి ఉండే చోటు రెండు వరసలు, సమయం మూడు నాలుగు సెకన్లు. అందులో ఇదంతా పట్టదు. "డోలాయమానంగా ఉంది" అని రాస్తే ఆ తల్లి నోట్లో పంతులుగారు మాట్లాడినట్టుంటుంది. "సందిగ్ధంలో ఉన్నాను" అంటే వార్తలు చదివినట్టుంది. "ఊగిసలాడుతున్నాను" కొంచెం నయం, కానీ ఆమె కదలకుండా కూర్చుని ఉంది, ఊగడం లేదు. చివరికి, "ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నా" అని రాసి పంపాను. నుడికారం లేదు, గోడ లేదు, పిల్లి లేదు. పెద్దావిడ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. ఆవిడ ఫోన్ చెయ్యలేదంటే సరేనన్నట్టు.

ఆ సీను అక్కడితో అయిపోదు. కెమెరా ఆమె మీదే ఉంటుంది. మాటలు లేవు కాబట్టి నాకు పనీ లేదు, అయినా నేను చూస్తూనే ఉన్నాను. గది బయట ఎవరో బండి తోసుకెళ్తున్న చప్పుడు వస్తుంది. ఆమె మడిచిన కాగితం అంచుని అరచేత్తో సాపు చేసి, పెన్ను మూత తీసి, సంతకం పెట్టింది. పేరు సగం రాశాక ఒకసారి ఆగింది. ఆ తర్వాత మిగతా సగం కూడా రాసింది.